ప్రదీప్ అరిచిన మాట

యువరాజ్ రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. ముక్కు మీద ఈగ వాలితే తోలుకోలేడు. అలాంటివాడికి కాపలాగా వార్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని ఒక కానిస్టేబులు కూర్చున్నాడు.

"సాయంత్రం మేజిస్ట్రేట్ ఈడికే వస్తాడంట భువనమ్మా. మంచం కాడనే రిమాండు రాసేస్తాడంట. నా బిడ్డ హత్య చేసినాడంట! కోడిని కోసేది చూస్తే కళ్లు మూసుకునే బిడ్డ!" అంది అమ్మణి. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

మద్రాసు రాయపురంలో అమ్మణిదీ భువనేశ్వరిదీ ఒకే వీధి. నాలుగు తరాల కిందట నెల్లూరు నుంచి వచ్చి ఆ హార్బరు గాలికి అలవాటుపడిపోయిన కుటుంబాలు రెండూ. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపమొస్తే రెండూ కలిపి. ఇన్సూరెన్సు కంపెనీలో పదిహేనేళ్లు అబద్ధాల క్లెయిములు పట్టుకున్నాక, సౌకార్‌పేటలో గిల్టు నగల కొట్టు మీద ఒక గది అద్దెకు తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టింది భువనేశ్వరి. చాలా కేసులు చూసింది గానీ, చిన్నప్పుడు తన ఒళ్లో ఆడిన పిల్లాడి కేసు ఇదే మొదటిది. ఆమెకి భయంగానే ఉంది.

"అక్కా, నువ్వు బయట ఉండు," అని అమ్మణిని పంపేసి మంచం పక్కన కూర్చుంది. "యువా, మొదట్నించీ చెప్పు. ఏది ముందు చేసినారు, ఏది ఎనక చేసినారు, ఒక్కటి వదలొద్దు."

యువరాజ్ పనిచేసేది అంబత్తూరులో. ఇనుప బీరువాల తలుపులకి రంగు పొడి చల్లి, గదంత పెద్ద ఓవెన్‌లో కాల్చే ఫ్యాక్టరీ అది. ఆ ఓవెన్‌ని వేడి చేసేది గ్యాస్ హీటర్. మరమ్మతు కోసం వారం రోజులు ఆపిన హీటర్ని మళ్లీ వెలిగించి, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేల్చడానికి బర్నర్ కంపెనీ తరఫున ప్రదీప్ అనే కుర్రాడు వచ్చాడు. కందుకూరు వాడు. నిన్న పొద్దున ఆ హీటర్ పేలింది, ప్రదీప్ పోయాడు.

"పైపు అతుకులకంతా సోపు నీళ్లు పూసి చూసినాము అక్కా. ఒక్క బుడగ రాలా. అప్పరం ఫ్యాను వేసినాము. లోపల నిలిచిన గ్యాసు ఉంటే అది బయటికి పోయినాకనే కదా మంట పెట్టేది. మంట బాగానే వచ్చె, నీలంగా వచ్చె. ప్రదీపు నవ్వినాడు. అప్పరం మంట ఆపేసి, ఇప్పుడు అసలు పరీక్ష అనె. మల్లా వెలిగిస్తా, ఈ తూరి ఫ్యాను కావాలనే ఆపేస్తా, గాలి లేకుంటే మిషను దానంతట అదే గ్యాసు ఆపాల, ఆపుతుందా లేదా చూడాల అనె."

"నువ్వు యాడ ఉండావు?"

"ఓవెను తలుపు కాడ. వాడు ఆ పక్కన బర్నరు కాడ వంగి, కరెంటు పెట్టెలోకి చూస్తా ఉండాడు. ఫ్యాను నిలిచిపోయె. ఉన్నట్టుండి అరిచినాడక్కా, మూసెయ్, మూసెయ్ అని."

"ఏది మూసెయ్యమన్నాడు?"

"అది చెప్పలా. నా కాడ తెరిచుండేది తలుపు ఒక్కటే. దాన్ని తోసి పిడి తిప్పినాను. తిప్పినానో లేదో..." అతను కళ్లు మూసుకున్నాడు. చేతులు ఎలా కాలాయో భువనేశ్వరి అడగలేదు. మంటల్లోంచి ప్రదీప్‌ని బయటికి లాగింది అతనేనని వార్డంతా చెప్పుకుంటున్నారు.

"పోలీసులకి తలుపు సంగతి చెప్పినావా?"

"వాళ్లు అడిగితే కదా! గ్యాసు వాల్వు ఏల మూయలేదు, ఏల మూయలేదు, ఇదే పాట. పగతో కావాలనే మూయలేదంటారు. వాల్వు గోడ తట్టు, నాకు దూరం. ముందురోజు సోపు నీళ్లు సరిగ్గా పూయలేదని వాడు నన్ను తిట్టె, నేనూ తిట్టినాను, ఆమా, నిజమే. సాయంత్రం ఇద్దరమూ కలిసే టీ తాగినాము. వాడు నా స్నేహితుడక్కా. తమిళం ఒక్క ముక్క రాదు వానికి. ఆ షెడ్డులో వానితో తెలుగు మాట్లాడేదానికి నేనొకడినే."

"మీ మేనేజరు తెలుగాయనే కదా?"

"ఆయన పెద్ద మనిషి. మాతో ఏం మాట్లాడతాడు."

బయట మెట్ల దగ్గర ఏవో కేకలు వినిపించాయి. యువరాజ్ ఉలిక్కిపడ్డాడు. ప్రదీప్ అన్నలు ఇద్దరు రాత్రికి రాత్రి కందుకూరు నుంచి వచ్చి, తమ్ముణ్ణి చంపినవాణ్ణి తమకి అప్పగించమని వార్డు మీదికే వచ్చారు. కానిస్టేబులు అడ్డం పడి బయటికి నెట్టాడు. ఇప్పుడు శవం కోసం ఇదే ఆసుపత్రి వెనక మార్చురీ దగ్గర కూర్చుని ఉన్నారు. కుర్చీలో ఆ కానిస్టేబులు లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటేనే అమ్మణికి వణుకు.

"వాళ్లని అననీ అక్కా," అన్నాడు యువరాజ్. "తమ్ముడు పోయినోళ్లు."

ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టర్ కృష్ణన్ ఆమె కంటే ముందే ఉన్నాడు. వీళ్లిద్దరికీ పాత వైరం ఉంది. కిందటేడు ఆయన మూసేసిన ఒక కేసుని ఆమె తిరగదోడి, ఆయన్ని కోర్టులో నిలబెట్టింది. ఆ మంట ఇంకా ఆరలేదు.

"రండి డిటెక్టివ్ అమ్మా, రండి," అన్నాడు తమిళంలో. "ఆఫీసులో గిరాకీ లేదా?"

"మీరు తప్పులు చేస్తున్నంత కాలం నా గిరాకీకేం లోటు సార్?" అని ఆమె కూడా తమిళంలోనే అంటించి, ఓవెన్ దగ్గరికి నడిచింది.

ఓవెన్ తలుపు చెక్కుచెదరలేదు, పిడి తిప్పి ఉన్నది తిప్పి ఉన్నట్టే ఉంది. దాని పక్కవైపు, బర్నర్ ఉన్న చోట మాత్రం ఇనుప రేకు అప్పడంలా చుట్టుకుపోయి బయటికి విరుచుకుంది. కింద నేల మీద సుద్దముక్కతో గీసిన మనిషి ఆకారం ఉంది. తలుపు మూసి ఉండడంతో లోపలి పేలుడుకి దారి లేక, బలహీనంగా ఉన్న పక్కరేకుని చీల్చుకుని వచ్చింది. ప్రదీప్ సరిగ్గా అక్కడే వంగి ఉన్నాడు.

"తలుపు మూసింది యువరాజ్," అంది భువనేశ్వరి. "మూయమంటే మూశాడు. చేతికందింది తలుపే మరి. చెప్పిన పని చేసినవాణ్ణి పట్టుకుని హంతకుడంటారేం?"

కృష్ణన్ ముఖం చాటంత అయింది. "తలుపు మూశాడా? మాతో ఒక్క మాట అనలేదే! గ్యాస్ వాల్వు మూయమని చచ్చేవాడు మొత్తుకుంటుంటే, అది వదిలేసి తలుపు బిగించాడా? థాంక్సమ్మా. ఇన్నాళ్లకి నాకొక మేలు చేశారు. కేసు ఇంకా గట్టిపడింది."

కొరివితో తల గోక్కున్నట్టయింది. తన నోటితోనే పిల్లాడి మెడకి ఇంకో చుట్టు ఉరి బిగించానని ఆమెకి ఒళ్లు మండిపోయింది. విసురుగా కరెంటు పెట్టె వైపు తిరిగింది.

పెట్టె తలుపు బార్లా తెరిచి ఉంది. ముందు వైపు చిన్న దీపాలు మూడు, లోపల వరసగా మరలు, వాటికి బిగించిన వైర్లు. పేలుడు మసి అన్నిటి మీదా ఒకే మందంగా పరుచుకుంది. ఒక్క చోట మాత్రం, పక్కపక్కనున్న రెండు మరల మధ్య, వేలెడు పొడవున సన్నటి చార శుభ్రంగా ఉంది. ఆ రెండు మరల తలల మీదా కొత్తగా స్క్రూడ్రైవరు తగిలిన గీతలు మెరుస్తున్నాయి.

"ఇది చూశారా సార్? మసి పడేటప్పుడు ఇక్కడేదో అడ్డం ఉంది. ఒక వైరు ముక్క ఉండి ఉండాలి. పేలుడు అయ్యాక దాన్నెవరో విప్పేశారు. ఈ పెట్టెలో చెయ్యి పెట్టిందెవరు?"

"మేనేజర్ కార్తికేయ. కరెంటు ఆపడానికి పరిగెత్తుకొచ్చాడు."

"కరెంటు ఆపే మెయిను స్విచ్చు అదిగో, గుమ్మం పక్క గోడకుంది. దాన్ని వదిలేసి, మండుతున్న ఓవెన్ పక్కకొచ్చి పెట్టెలో ఎందుకు చెయ్యి పెట్టాడు?"

"కంగారు. కళ్ల ముందు మనిషి కాలిపోతుంటే మీరైతే తీరిగ్గా ఆలోచిస్తారా?" కృష్ణన్ చిరాకుగా గడియారం చూసుకున్నాడు. "సాలెగూడంత చారని పట్టుకుని కథలల్లకండి. అడగాల్సిందేదో ఆయన్నే అడగండి. నా ముందే అడగండి."

కార్తికేయ క్యాబిన్ చల్లగా ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి, నలగని చొక్కా, నిద్రలేని కళ్లు. హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చి రెండు నెలలయిందట. తెలుగులో మాట్లాడే మనిషి దొరికినందుకు మొదట కాస్త తేరుకున్నట్టే కనిపించాడు.

"పేలుడప్పుడు మీరెక్కడున్నారు?"

"ఇక్కడనే మేడమ్, ఈ క్యాబిన్ గుమ్మంల. ప్రదీప్ అరవంగనే అటు చూసిన."

"ఏమని అరిచాడు?"

"మూసెయ్ అని. రెండుసార్లు అరిచిండు. ఇన్‌స్పెక్టర్ గారికి కూడ అదే చెప్పిన."

"మీ చెవులతో విన్నారా, ఎవరైనా చెప్పారా?"

"నా చెవులతోటి విన్న. పాపం, ఆ గొంతు ఇంక చెవులల్లనే ఉంది. యువరాజ్ మూస్తే ఇంతదాకా వచ్చేదే కాదు."

భువనేశ్వరి ఆ ముఖంలోకి చూస్తూ తర్వాతి ప్రశ్న వెతుక్కుంటోంది. నిజానికి ఆమె దగ్గర ప్రశ్నలు అయిపోయాయి. విప్పేసిన వైరు ఉంది, దాన్ని ఎవరు పెట్టారో తెలీదు, ఎందుకు పెట్టారో తెలీదు. సాయంత్రం దగ్గర పడుతోంది. సరిగ్గా అప్పుడు క్యాంటీన్ పచ్చయమ్మ మోచేత్తో తలుపు నెట్టుకుంటూ టీ పళ్లెంతో లోపలికొచ్చింది. రెండు చేతులూ పళ్లెం మీదే ఉన్నాయి. చల్లగాలి బయటికి పోతోందని, తలుపు పక్కనే నిలబడ్డ కార్తికేయతో అంది.

"మూడుంగ సార్."

కార్తికేయ పళ్లెం వైపు చూశాడు. "మూడెందుకమ్మా? నాకొద్దు. వీళ్లిద్దరికే, రెండు చాలు," అని రెండు వేళ్లు చూపించాడు.

పచ్చయమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, మడమతో తానే తలుపు తన్ని మూసింది. కృష్ణన్‌కి నవ్వాగలేదు. "తలుపు మూయమంటే టీలు లెక్కపెడుతున్నాడమ్మా మీ తెలుగాయన! వచ్చి రెండు నెలలైనా మూడంటే మూయడమని తెలీదు!"

భువనేశ్వరి నవ్వలేదు. ఆమె చేతిలోకొచ్చిన టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. కాగల కార్యం గంధర్వులే తీర్చారన్నట్టు, తను తవ్వి తవ్వి అలసిపోయిన చోట ఒక టీ మనిషి వచ్చి పలుగు దింపింది.

"పచ్చయమ్మా," అంది తమిళంలో. "నిన్న నువ్వు షెడ్డులోనే ఉన్నావు కదా? ఆ పిల్లాడు ఏమని అరిచాడు? అర్థం వద్దు. వాడి నోట్లోంచి వచ్చిన మాట, ఉన్నదున్నట్టు చెప్పు."

పచ్చయమ్మ కళ్లు తడయ్యాయి. "మూడు, మూడు అన్నాడమ్మా. పావం ఆ తంబి. మూడు, మూడు అని రెండుసార్లు."

భువనేశ్వరికి ముందు తన మీద తనకే కోపమొచ్చింది. పుట్టినప్పటి నుంచి "కదవు మూడు" అంటే వెళ్లి తలుపు మూసిన చెవులు ఆమెవి. యువరాజ్‌వీ అవే చెవులు. ఇంట్లో ఎంత తెలుగు మాట్లాడినా షెడ్డులో కేక వినిపిస్తే తమిళంగానే చెవికెక్కుతుంది. అందుకే అతను ఆ మాటని తెలుగు చేసి, మూసెయ్ అన్నాడని చెప్పాడు. ఆమె నమ్మింది. మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది.

"సార్, చచ్చిపోయినవాడు కందుకూరు కుర్రాడు," అంది కృష్ణన్‌తో. "తమిళం ఒక్క ముక్క రాదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు రాని భాషలో అరుస్తాడా? తెలుగులో మూడంటే మీ మూణు. అంకె సార్, అంకె!"

కృష్ణన్ నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇంకొకటి గుర్తు తెచ్చుకోండి. ప్రదీప్ మూయమన్నాడన్న మాట ముందు ఈయన నోటి నుంచి వచ్చిందా, మీ నోటి నుంచా?"

ఆయన ఆలోచించాడు. ఆ ముఖం రంగు మారడం ఆమె చూసింది. "ముందు పచ్చయమ్మని అడిగాను. తర్వాత ఈయన్ని పిలిచి... క్లోజ్ చెయ్యమని అరిచాడా అని నేనే ఇంగ్లీషులో అడిగాను. అవునన్నాడు."

భువనేశ్వరి కార్తికేయ వైపు తిరిగి తెలుగులోకి మారింది. "మీకు తమిళం రాదు. ఇప్పుడే మా కళ్ల ముందు తేలింది. మూడు అన్న కేక మీ చెవికి మూడుగానే వినబడింది. అలాంటప్పుడు మూసెయ్ అన్నాడని ఎందుకు చెప్పారు కార్తికేయగారూ?"

"టెన్షన్ల... అందరూ అట్ల అంటుంటే..."

"మీ చెవులతోటి విన్నారు కదా?"

అతను తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. ఆమె ఇక అతనితో మాట్లాడకుండా షెడ్డులోకి నడిచింది. కృష్ణన్ వెనకే వచ్చాడు, కార్తికేయని రెక్క పట్టుకుని మరీ తెచ్చాడు.

పెట్టె మీద దీపాలు మూడు. ఆమె చీర కొంగుతో మసి తుడిచింది. మొదటి దాని కింద కరెంటు అని, రెండో దాని కింద గ్యాస్ అని, మూడో దాని కింద గాలి అని ఇంగ్లీషు అక్షరాలున్నాయి. మూడో దీపం వెనక నుంచి వచ్చే వైర్లని వేలితో పట్టుకుని కిందికి వెళ్లింది. అవి సరిగ్గా ఆ శుభ్రమైన చార ఉన్న రెండు మరల దగ్గరే ఆగాయి.

"ఫ్యాను ఆగితే ఈ దీపం ఆరిపోవాలి. గ్యాస్ ఆగిపోవాలి. ప్రదీప్ పరీక్షించింది అదే. ఈ రెండు మరల్నీ ఎవరో వైరు ముక్కతో కలిపేశారు కాబట్టి, ఫ్యాను ఆగినా మిషను గాలి ఉందనే అనుకుంది. గ్యాస్ వదులుతూనే ఉంది, అది ఓవెన్‌లో నిండిపోయింది. దీపం ఆరకపోవడం చూసి ప్రదీప్ మూడు, మూడు అని అరిచాడు. ఆ అంకెకి అర్థం ఈ షెడ్డులో ఇంకొక్కరికే తెలుసు. వైరు కలిపినవాడికి."

కార్తికేయ గోడకి ఆనుకున్నాడు. "ఆ గాలి స్విచ్ ఖరాబయింది మేడమ్," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఊకె ఊకె మిషన్ బందయితుండె. కొత్తది వచ్చేదాక అని కలిపిన. ప్రదీప్ వచ్చే ముందు తీసేద్దామనుకున్న, మర్చిపోయిన. ఒట్టు, చంపాలని కాదు."

"చంపాలని కాకపోవచ్చు. చేతులు కాలిపోయి మంచంలో పడున్న పిల్లాడి మీదికి తోసెయ్యాలని మాత్రం అనుకున్నావు కదా!" భువనేశ్వరి గొంతు షెడ్డంతా వినిపించింది. మర్యాద ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలీదు. "వైరెక్కడ?"

"కార్ల ఉంది."

ఆ మాటలన్నీ ఆమె తమిళంలో చెప్పేసరికి కృష్ణన్‌కి మింగలేక కక్కలేక అయింది. తర్వాత, మొగాడే, ఆమె ముందే ఫోను తీశాడు. ముందు మేజిస్ట్రేట్ ఆఫీసుకి చేసి రిమాండు అక్కర్లేదన్నాడు. తర్వాత ఆసుపత్రిలో ఉన్న కానిస్టేబుల్‌కి చేశాడు. "కేసు మారింది. ఇంక కాపలా వద్దు, నువ్వు అంబత్తూరు వచ్చెయ్."

భువనేశ్వరి అమ్మణికి ఫోను చేసింది. "అక్కా, మీవాడి మీద మచ్చ పోయింది! ప్రదీపు మూయమని అరవలేదు. మూడో దీపం చూడమని తెలుగులో అరిచినాడు. మీవాడు అరవం అనుకున్నాడు, అంతే. పోయి చెప్పు వాడికి!" అవతల అమ్మణి ఏడుపూ నవ్వూ కలిపి ఏదో అని, ఫోను పెట్టకుండానే వార్డులోకి పరిగెత్తడం వినిపించింది. ఆ చెప్పుల చప్పుడు వింటూ భువనేశ్వరి రెండు రోజుల్లో మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకుంది.

కారులోంచి తెచ్చిన వైరు ముక్కని కృష్ణన్ కవర్లో వేశాడు. ఆమె దగ్గరికొచ్చి, ఓవెన్ తలుపు కేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఒకటి అడుగుతాను, చెప్పమ్మా. ఆ తలుపు తెరిచే ఉంటే?"

భువనేశ్వరి చీలిన పక్కరేకు వైపు చూసింది. తలుపు తెరిచే ఉంటే పేలుడు వెడల్పాటి దారిలోంచి బయటికొచ్చేది. పక్కరేకు చీలేది కాదు. తలుపు దగ్గర నిలబడ్డ యువరాజ్ పోయేవాడు, బర్నర్ దగ్గర వంగిన ప్రదీప్ బతికేవాడు. ఇంత సేపూ ఆ పిల్లాడికి ధైర్యమిచ్చింది ఒక్కటే, తను స్నేహితుడు చెప్పిన పనే చేశానన్న నమ్మకం. ఆమె ఇప్పుడే, సంతోషంగా, ఫోనులో దాన్ని లాగేసింది.

ఫోను మోగింది. అమ్మణి.

"భువనమ్మా, చెప్పినానమ్మా వానికి. వాడు నవ్వలా. ఊరికే చూస్తా ఉండె. అయితే వాడు నన్ను మూయమనలేదా అమ్మా అనె, అంతే. నేను నీళ్లు తెచ్చేలోపల మంచం మింద లేడు! శవాలు పెట్టేది యాడ అని నర్సును అడిగినాడంట!"

"కానిస్టేబులు?"

"అప్పుడే పోయె కదమ్మా, ఇన్‌స్పెక్టరు పిలిచినాడని!"

"అక్కా, పరిగెత్తు! మార్చురీ కాడికి పరిగెత్తు! ఫోను పెట్టొద్దు!"

కృష్ణన్ అప్పటికే జీపు వైపు పరిగెడుతున్నాడు. ఫోను చెవికి నొక్కిపెట్టుకుని భువనేశ్వరి వెనక సీట్లోకి దూకింది. అంబత్తూరు నుంచి ఆసుపత్రి ఎంత దూరమో ఆమెకి తెలుసు. ఫోనులో అమ్మణి ఆయాసం, ఎవరో అడ్డం లెమ్మనడం, మెట్లు దిగే చప్పుడు. తర్వాత దూరంగా, స్పష్టంగా, యువరాజ్ గొంతు వినిపించింది.

"అన్నా, మీరు వెతికేది నన్నే. తలుపు మూసింది నేనే."

ఆ వెంటనే కందుకూరు యాసలో ఒక బొంగురు గొంతు, "ఒరేయ్, వాణ్ణి పట్టుకోండ్రా!" అంది.